జానెడు రోడ్డు

పొద్దున్నే ఐదుంపావుకి కోడలు గుమ్మంలో కూర్చుని బూట్లు తొడుక్కుంటూ ఉంటే, వంటింట్లో అత్తగారు పొయ్యి మీద పాలు పెట్టి పొంగకుండా కాపలా కాస్తూ ఉంటుంది. కోడలి భర్త డిపోలో బస్సు డ్రైవరు. మొదటి ట్రిప్పు ఆరున్నరకి కనక ఆయన అప్పటికింకా దుప్పట్లోనే ఉంటాడు. "తలుపు దగ్గరగా వేసి వెళ్ళు" అంటుంది అత్తగారు. "ఆఁ" అంటుంది కోడలు. పన్నెండేళ్ళుగా ఆ వేళకి ఆ ఇంట్లో వినబడే మాటలు ఇవే. దీన్ని బట్టి అత్తాకోడళ్ళకి పడదని వీధిలో కొందరు తేల్చేశారు. పడకపోవడమేమీ లేదు. ఇద్దరికీ పని రోడ్డుతోనే, కానీ రోడ్డు గురించి ఒకరికొకరు చెప్పుకోవాల్సింది ఏడాదికి ఒక్కసారే వస్తుంది.

కోడలు డిపో వర్కుషాపులో బస్సు సీట్లకి కవర్లు కుడుతుంది. అత్తగారిది మునిసిపాలిటీ రోడ్ల విభాగంలో కొలతలు తీసే ఉద్యోగం, ముప్పయ్యొక్క ఏళ్ళ సర్వీసు. సైకిలు వెనక కొలత చక్రం కట్టుకుని, కళ్ళద్దాలకి తాడు కట్టుకుని ఆవిడ వెళ్తుంటే లారీలు కూడా పక్కకి తప్పుకుంటాయి.

కొలవాల్సిన అవసరం ఏమిటంటే, ఆ ఊళ్ళో రోడ్డు పెరుగుతుంది. డిపో గేటు దగ్గర మొదలై, కల్వర్టు మలుపు మీదుగా, మిల్లుల పక్కగా నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళే ఇరవయ్యొక్క కిలోమీటర్ల పెద్ద రోడ్డది. దాని మీద పోతున్నవాళ్ళు ఎవరైనా వెనక ఉన్న మనిషి కోసం తల తిప్పి చూస్తే, చూసినవాళ్ళ మడమల వెనక రోడ్డు ఒక జానెడు పెరుగుతుంది. ప్రేమతో చూశారా, భయంతో చూశారా అన్నది రోడ్డుకి అనవసరం. పెరిగిన ముక్క మిగతా తారుకన్నా కాస్త తెల్లగా ఉంటుంది, అంతే తేడా. బదిలీ మీద వెళ్ళిపోతున్న లెక్కల మాస్టారొకాయన ఆరుసార్లు తిరిగి చూసి ఆరు జానలు పెంచిపోతే, పాలు పోసే అతను ఏడాదిపాటు ఆయన్ని తిట్టుకుంటూ సైకిలు తొక్కాడు. మొత్తమ్మీద ఏటా పది పన్నెండు మీటర్లు తేలుతుంది. అత్తగారు రోడ్డంతా కొలిచి, కిలోమీటరు రాళ్ళని జరిపించి, ఏ రాయికీ ఏ రాయికీ మధ్య ఎంత పెరిగిందో కాగితం మీద రాసి డిపో నోటీసు బోర్డుకి అంటిస్తుంది. ఆడవాళ్ళ పరుగు పోటీకి వారం ముందు జరిగే పని ఇది.

పోటీ ఆ రోడ్డు మీదే, డిపో నుంచి ట్యాంకు దాకా. మొదట వచ్చినామె గంటా పదహారు నిమిషాల్లోపు వస్తే దేశపు జట్టు శిక్షణకి తీసుకుంటారు. ఆ ఊరి నుంచి ఒక్కరినే. ముప్పయ్యైదు నిండితే తీసుకోరు. కోడలికి ఇంకో రెండు నెలల్లో నిండుతాయి. ఇప్పటికి నాలుగుసార్లు మొదట వచ్చింది, నాలుగుసార్లూ టైము దాటిపోయింది. కిందటేడు దాటింది తొమ్మిది సెకన్లు. ముక్కు చీదుకునేంత సేపు కదా అన్నాడు ఆమె భర్త, పాపం ఓదార్చబోయి. ఆ తర్వాత మూడు రోజులు ఆ ఇంట్లో ఆయన మాటకి జవాబు చెప్పినవాళ్ళు లేరు.

పోటీలో ఒకటే కఠినమైన నియమం. తల వెనక్కి తిప్పకూడదు. ముందున్నామె తిరిగి చూస్తే వెనకవాళ్ళందరికీ దారి జానెడు పెరుగుతుంది, అది వాళ్ళ నోట్లో మన్ను కొట్టడమే. అందుకని ప్రతి రాయి దగ్గరా ఒక టీచరుని నిలబెడతారు, మెడలు చూడటానికి. చూసినామె పేరు కొట్టేస్తారు. దానివల్ల ఆ ఊళ్ళో పరిగెత్తే ఆడవాళ్ళందరికీ ఒక అలవాటు పట్టుకుంది. బజారులో వెనకనుంచి ఎవరైనా పిలిస్తే తిరగరు, పిలిచినవాళ్ళు ముందుకి వచ్చేదాకా అలాగే నిలబడతారు. కొత్తవాళ్ళు దాన్ని పొగరనుకుంటారు.

కోడలితో రోజూ పరిగెత్తేది పోస్టాఫీసు పిల్ల. ఉత్తరాలు ఊళ్ళవారీగా విడదీసే ఉద్యోగం, ఇరవై మూడేళ్ళు, అక్కా అక్కా అంటూ అరడుగు వెనకగా వస్తుంది. మూడేళ్ళ క్రితం ఉద్యోగానికని ఈ ఊరొచ్చినప్పుడు దానికి పరిగెత్తడం రాదు, ఉరకడమే వచ్చు. పాదం మడమ మీద కాకుండా మధ్యన మెత్తగా మోపాలని, చప్పుడు చేసే కాలు తొందరగా అలిసిపోతుందని కోడలే నేర్పింది. ఆరో రాయి దాటాక కల్వర్టు దగ్గర ఎత్తు మొదలవుతుంది. అక్కడ కోడలు తల దించుకుని, బూట్ల ముందు రెండడుగుల రోడ్డు మాత్రమే చూస్తూ ఎక్కుతుంది. పిల్ల ఉషారుగా ముందుకెళ్ళి మలుపు తిరిగిపోతుంది. కోడలు మలుపు చేరేసరికి అక్కడ మోకాలి మీద కూర్చుని లేసు కట్టుకుంటూ ఉంటుంది. రోజూ అక్కడే ఊడుతుందేమే నీ లేసు అని కోడలు దాటి వెళ్ళిపోతుంది. ఎత్తు మీద దాన్ని అందుకున్నానన్న సంతోషం ఆమెకి రోజంతా మిషను దగ్గర కూడా ఉండేది.

ఈ ఏడు అత్తగారు కొలత మొదలుపెట్టిన రోజు, ఆరో రాయికీ ఏడో రాయికీ మధ్య చక్రం అరవై ఎనిమిది మీటర్లు ఎక్కువ చూపించింది. చక్రం జారిందేమో అనుకుని ఆవిడ ఇనప టేపు తీసింది. టేపూ అదే మాట చెప్పింది. దిగి నడిచి చూస్తే మలుపు దాటాక రోడ్డు వరసగా తెల్లగా, ఉతికి పరిచిన దుప్పటిలా ఉంది. కల్వర్టు గోడ మీద కూర్చుని లెక్క వేసింది. అరవై ఎనిమిది మీటర్లంటే మూడు వందల జానలు. ఏడాదిలో సెలవులూ వానలూ పోను మూడు వందల పొద్దులు. పొద్దుకొకటి.

మర్నాడు ఆవిడ చీకటుండగానే లేచి, పాలు కొడుక్కి అప్పజెప్పి, సైకిలు మీద వాళ్ళకన్నా ముందే వెళ్ళి మలుపు పైన ఇటుకల బట్టీ గోడ వెనక నిలబడింది. పోస్టాఫీసు పిల్ల మలుపు తిరిగి వచ్చింది. రొప్పు లేదు, చెమట కూడా సరిగ్గా పట్టలేదు. ఆగింది, తిరిగింది, మలుపు పిట్టగోడ మీంచి కిందికి చూసింది. కింద కోడలు తల దించుకుని ఎక్కుతోంది. భుజాలు పైకొచ్చేశాయి, నోరు తెరుచుకుని ఉంది. పన్నెండేళ్ళలో అత్తగారు కోడలు పరిగెత్తడం దూరం నుంచి చూసింది అదే మొదటిసారి. ఇంత కష్టపడుతుందా ఇది, అనుకుంది ఆవిడ. పిల్ల మడమల వెనక రోడ్డు మెల్లగా జానెడు జరిగింది. అప్పుడా పిల్ల కూర్చుని, ఊడని లేసుని విప్పి, మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టింది.

అత్తగారికి విషయం మొత్తం అర్థమైంది. ఆ పిల్ల ఎప్పుడో కోడల్ని మించిపోయింది. ఏడాదిగా కాళ్ళు బిగపట్టుకుని పరిగెడుతోంది. పోటీలోనూ అరడుగు వెనకే ఉండి గెలుపు వదిలేయబోతోంది. ఊరుకుంటే కోడలికి ఇంతకన్నా మంచి అవకాశం రాదు. కాగితంలో ఆ మూడు వందల జానల్నీ ఇరవై రాళ్ళకీ తలాకాస్త పంచి రాసేస్తే అడిగే నాథుడు లేడు. ఆ రోజు సాయంత్రం ఆవిడ కాగితం ముందు పెట్టుకుని చాలాసేపు కూర్చుంది, కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. చివరికి ఎక్కడ ఎంత పెరిగిందో అక్కడ అంతే రాసి, వెళ్ళి బోర్డుకి అంటించి వచ్చింది. ఇంట్లో మాత్రం ఒక్క మాట అనలేదు.

కోడలు మర్నాడు మధ్యాహ్నం టీ వేళకి బోర్డు దగ్గరికి వెళ్ళింది. కుట్లు లెక్కపెట్టుకునే చేతులు ఆమెవి. మూడు వందలని తెలియడానికి ఎంతో సేపు పట్టలేదు. మొదట కోపం అత్తగారి మీద వచ్చింది, ఇంట్లో చెప్పకుండా ఊరందరి ముందూ అంటించినందుకు. తర్వాత ఆ పిల్ల మీద వచ్చింది. సాయంత్రానికి అదంతా పోయి సిగ్గు మిగిలింది. రోజూ ఎత్తు మీద ఎవర్ని అందుకున్నానని మురిసిపోయింది తను? ఆ సాయంత్రం మూడు కవర్లకి కుట్టు వంకర పోయి విప్పాల్సి వచ్చింది.

మర్నాడు కల్వర్టు దగ్గర ఆమె తల దించుకోలేదు. ఎత్తుకునే ఎక్కింది. పైన గోడ మీంచి పోస్టాఫీసు పిల్ల మొహం కనబడింది. దొరికిపోయిన మొహం.

"ఎన్నాళ్ళుగా?" అంది కోడలు పైకి వచ్చి, నడుం మీద చేతులు వేసుకుని.

"కిందటేడు పోటీ అయిన మర్నాటినుంచి," అంది పిల్ల. "నాకింకా పన్నెండేళ్ళుంది అక్కా. నీకిది ఒక్కటే కదా" అంది.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే కోడలికి మరీ ఒళ్ళు మండింది. అక్కడ శిక్షణలో తనకోసం లేసులు కట్టుకునేవాళ్ళు ఎవరుంటారని అడిగింది. మొదటి రోజే నవ్వులపాలై తిరిగి రమ్మంటావా అంది. గెలిస్తే నిన్ను దాటి గెలుస్తాను, లేకపోతే లేదు, ఆదివారం నువ్వు నీ పరుగు పరిగెత్తాల్సిందే అని గట్టిగా చెప్పింది. పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నావల్ల కాదక్కా. నువ్వు వెనక ఉంటే నా మెడ ఆగదు. ఎలా ఉన్నావో అని చూసేస్తాను. చూస్తే ఎలాగూ తీసేస్తారు."

ఇది నిజమేనని కోడలికి తెలుసు. మూడు వందల పొద్దుల అలవాటు ఒక్క ఆదివారం కోసం మానదు.

"నా అడుగు చప్పుడు వినబడుతూ ఉంటే చూడక్కర్లేదు కదా," అంది. "వినిపిస్తాను. ట్యాంకు దాకా వినిపిస్తూనే ఉంటాను. చప్పుడు ఉన్నంతసేపూ నువ్వు ముందుకే చూడు."

పిల్ల ఒప్పుకుంది. ఒప్పుకోక చేసేదేమీ లేకపోయింది.

ఆదివారం ఆరింటికి డిపో గేటు ముందు నలభైమంది ఆడవాళ్ళు నిలబడ్డారు. ఈల వేశారు. ఆరో రాయి దాకా అందరూ గుంపుగానే వెళ్ళారు. ఎత్తు దగ్గర పోస్టాఫీసు పిల్ల విడివడింది. ఆగలేదు, కూర్చోలేదు. కోడలు దాని వెనక ఆరేడడుగుల దూరంలో, పన్నెండేళ్ళు నేర్చుకున్న మెత్తటి అడుగుని పక్కన పెట్టేసి, పాదం మొత్తం రోడ్డుకేసి కొడుతూ పరిగెత్తింది. దభ్, దభ్, దభ్. ప్రతి దెబ్బా మోకాలికి తగిలి నడుం దాకా వస్తోంది. మిల్లు గేటు దగ్గర నిలబడ్డ వాళ్ళలో ఎవరో, సీట్లు కుట్టే ఆమె ఏమిటి ఇవాళ ఏనుగులా పరిగెడుతోంది అని నవ్వారు. ఆమెకి వినబడింది కూడా. నవ్వనీ అనుకుంది.

పదో రాయి, పన్నెండో రాయి. ఆ పిల్ల పరుగు ఎలాంటిదో ఆమె మొదటిసారి చూస్తోంది. దాన్ని చూస్తుంటే అసూయ కూడా పుట్టలేదు, ఇన్నాళ్ళూ దీన్ని కట్టేసి ఉంచానా అన్న బాధే పుట్టింది. బాధ పుట్టినా ఆశ పోలేదు. చివరి రెండు కిలోమీటర్లలో పిల్ల ఎక్కడైనా తడబడితే దాటేస్తాను అని మనసులో అనుకుంటూనే ఉంది. అది ఆమె దాచుకోదల్చుకోలేదు, దాటాలనే కదా పరిగెత్తేది. పదహారో రాయి దగ్గర టీచరు గడియారం చూసి టైము అరిచింది. తన జీవితంలో ఎన్నడూ ఆ రాయిని అంత తొందరగా దాటలేదు. మూడో మనిషి కనుచూపు మేరలో లేదు.

పంతొమ్మిదో రాయి దాటాక రోడ్డుకి ఒకవైపు గోదాముల గోడ, ఇంకోవైపు పొదలు. అక్కడ మెడలు చూసేవాళ్ళు ఎవరూ ఉండరు. అక్కడ కోడలి కుడి పిక్క పట్టేసింది. రాయిలా గట్టిపడి, కాలు కింద మోపనివ్వలేదు. ఆమె ఒంటికాలి మీద ఆగి, వంగి, రెండు చేతులతో పిక్క పట్టుకుంది. నాలుగు అడుగులు పడాల్సినంత సేపు చప్పుడు లేదు.

పిల్ల తల తిరిగింది.

ఇద్దరి కళ్ళూ కలిశాయి. పిల్ల మొహంలో పోటీ లేదు, ట్యాంకు లేదు, అక్క ఏమైందన్న కంగారొక్కటే ఉంది. రోడ్డు వాళ్ళిద్దరి మధ్య మెల్లగా జరిగింది. కోడలు "పో" అని ఒక్క అరుపు అరిచి, పట్టేసిన కాలిని ఈడ్చి ముందుకి దూకింది. ఆమె ఎడమ పాదం అప్పుడే పుట్టిన జానెడు మీద పడింది. అది ఇంకా వేడిగా, ముద్దలా మెత్తగా ఉంది. కాలు దిగబడి పైకి వచ్చింది. మళ్ళీ దభ్, దభ్ మొదలైంది. పిల్ల ముందుకి తిరిగి పరిగెత్తింది.

ట్యాంకు దగ్గర గడియారంలో పిల్లకి గంటా పదిహేను నిమిషాల నలభై ఒక్క సెకన్లు. కోడలికి గంటా పదిహేను నిమిషాల యాభై రెండు. భర్త అక్కడే ఉన్నాడు, పరిగెత్తినవాళ్ళ బట్టల మూటలన్నీ ఆయన బస్సులోనే వచ్చాయి. ఆయన రెండో స్థానమన్న సంగతి మర్చిపోయి, పదహారు లోపు వచ్చావు, పదహారు లోపు అంటూ బస్సు హారను మోగించాడు. ఎనిమిది సెకన్లు లోపు. జీవితంలో మొదటిసారి.

ఆ పోటీలో గీత దాటడంతో అయిపోదు. చివరి మనిషి వచ్చాక, అత్తగారు డిపో దగ్గరనుంచి మళ్ళీ రోడ్డంతా కొలుచుకుంటూ రావాలి. ఆ కొలత, పోటీకి ముందు రోడ్డు మూసి తీసిన కొలతతో సరిపోతేనే ఫలితం చదువుతారు. ఎక్కడైనా పెరిగితే, చూసినామె తనంతట తను ఒప్పుకోవాలి. ఎవరూ ఒప్పుకోకపోతే అందరి టైములూ కొట్టేస్తారు. కనక అందరూ అరటిపళ్ళు తింటూ, కాళ్ళు పిసుక్కుంటూ ట్యాంకు నీడలో రెండు గంటలు కూర్చుంటారు.

పోస్టాఫీసు పిల్ల వచ్చి కోడలి పక్కన కూర్చుంది. తువ్వాలు తల మీద వేసుకుంది.

"పిన్నిగారు కొలత ముగించి రాగానే చెప్పేస్తానక్కా," అంది. గొంతులో ఏడుపు లేదు, తేలికపడ్డట్టుంది. "నా పేరు కొట్టేస్తే మొదటి స్థానం నీదే. టైము ఎలాగూ వచ్చేసింది. నువ్వే వెళ్తావు."

ఆ రెండు గంటల్లో కోడలు వెళ్ళింది కూడా. మనసులో పెట్టె సర్దుకుంది, ఏ చీరలు అక్కర్లేదో తీసి పక్కన పెట్టింది, శిక్షణ మైదానంలో ఎర్రమట్టి మీద నిలబడింది, ఛాతీ మీద దేశం పేరున్న చొక్కా వేసుకుంది. చెయ్యాల్సిందేమీ లేదు. నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఆ చొక్కా ఎంత కావాలనిపించిందంటే తింటున్న అరటిపండు సగంలో పక్కన పెట్టేసింది.

అత్తగారు ఎండ ముదిరాక వచ్చింది. సైకిలు గోడకి ఆనించి, పోటీ కార్యదర్శి బల్ల దగ్గరికి నడిచి, కాగితం పెట్టింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, చదివే ముందు గొంతు సవరించుకునే మనిషి.

"పంతొమ్మిదికీ ఇరవైకీ మధ్య ఒక జానెడు పెరిగింది," అన్నాడు. "చూసింది ఎవరో లేవండి."

పిల్ల లేవబోయింది. కోడలు దాని మణికట్టు పట్టుకుని కిందికి లాగి, తను లేచింది.

"నేనండి."

పిల్ల "అక్కా, అదేంటి" అంటూ మళ్ళీ లేవబోయింది. కోడలు దాని వైపు వంగింది.

"నా అడుగు ఆగింది. వినిపిస్తానన్న మాట నేను తప్పాను. ఆ జానెడు నాదే," అంది ఇద్దరికే వినబడేలా. "ఇప్పుడు నువ్వు కూడా నోరు తెరిస్తే ఇద్దరి పేర్లూ పోతాయి. కూర్చో."

కార్యదర్శికి అనుమానం వచ్చింది. ముందు పరిగెత్తుతున్న మనిషిని వదిలేసి వెనకెక్కడో ఉన్నవాళ్ళ కోసం ఈమె ఎందుకు చూస్తుంది? ఆయన అత్తగారి వైపు తిరిగి, ఏమమ్మా, అక్కడ గుర్తులేమైనా కనబడ్డాయా, ఎవరు చూశారో చెప్పగలిగేవి అని అడిగాడు. నీ కోడలని మొహమాటపడకు అని కూడా అన్నాడు. అత్తగారు కళ్ళద్దాలు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. ఆ తుడవడం చాలాసేపు పట్టింది.

"ఏమీ లేవండి," అంది. "జానెడు రోడ్డు. అంతే."

కార్యదర్శి కోడలి పేరు కొట్టేసి, యాభై రెండు సెకన్లనీ కొట్టేసి, పోస్టాఫీసు పిల్ల పేరు చదివాడు. పిల్ల తువ్వాల్లో మొహం దాచుకుని ఏడ్చింది. గెలిచిన సంతోషంలో ఏడుస్తోందని అందరూ చప్పట్లు కొట్టారు.

డ్రైవరు మనసు బాగోలేక బస్సు తీసుకుని తిన్నగా డిపోకి వెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళు సైకిలు నడిపించుకుంటూ బయలుదేరారు. కోడలు కుంటుతోంది. గోదాముల గోడ దాకా వచ్చారు. అక్కడ అత్తగారు ఆగింది. నల్లటి తారు మధ్య తెల్లగా జానెడు ముక్క. దాని మధ్యలో ఒక ఎడమ బూటు గుర్తు, లోతుగా, ముందుకి తిరిగి.

"నీ ఎడమ మడమ బయటివైపు అరుగుతుంది," అంది అత్తగారు. "పన్నెండేళ్ళుగా గుమ్మంలో చూస్తున్నాను. నువ్వే తిరిగి చూసి ఉంటే ఈ ముక్క నీ వెనక పుట్టేది. దీని మీద నీ కాలు ఎలా పడుతుంది?"

కోడలు వంగి ఆ గుర్తుని వేలితో తడిమింది. "మరి లేవని ఎందుకు చెప్పావత్తయ్యా?" అంది.

"ఆ మూడు వందలూ దాచి ఉంటే ఇవాళ నీకు ఈ బాధ లేదు," అంది అత్తగారు. కొలతలో మాత్రం తను ఏనాడూ తప్పు రాయలేదని, ఇవాళా రాయలేదని, జానెడంటే జానెడే రాశానని చెప్పింది. ఎవరిది అన్నది తన చక్రానికి తెలిసే సంగతి కాదంది. తర్వాత సైకిలు హ్యాండిలు మీంచి ఒక చెయ్యి తీసి కోడలి భుజం మీద వేసింది. కోడలు అక్కడే, ఆ తెల్లటి ముక్క పక్కన, రోడ్డు మీద కూర్చుని బావురుమంది. దేశం చొక్కా కోసం ఏడ్చింది, ఎనిమిది సెకన్ల కోసం ఏడ్చింది. అత్తగారు ఓదార్చలేదు, సైకిలుకి స్టాండు వేసి పక్కన కూర్చుంది.

పోటీలో పేరు పోవడంతో ఆ వారం నుంచి కోడలికి డిపోలో పొద్దుటి పరుగు కోసం ఇచ్చే రెండు గంటల మినహాయింపు పోయింది. అందరిలాగే ఆరింటికి మిషను ముందుండాలి. కనక సోమవారం ఆరున్నర బస్సులో పోస్టాఫీసు పిల్ల శిక్షణకి వెళ్తుంటే ఆమె గేటు దాకా రాలేకపోయింది. కిటికీలోంచి హారను మాత్రం విన్నది.

మధ్యాహ్నం డ్రైవరు వర్కుషాపులోకి వచ్చాడు, చేతిలో ట్రిప్పు కాగితం పట్టుకుని. వెనకే అత్తగారు కూడా వచ్చింది, ఆయనే కబురు చేశాడట.

"నీ చెల్లెలు వెనక సీట్లో కూర్చుని ట్యాంకు దాటేదాకా తల ముందుకి తిప్పలేదు," అన్నాడు పెళ్ళాంతో. "తిరుగు ట్రిప్పులో ఎంత తొక్కినా రోడ్డు అవ్వదే. తొమ్మిది నిమిషాలు లేటు. ఆలస్యానికి కారణం రాయాలి, ఎంత పెరిగిందో కొలిచి చెప్పమని అమ్మని పంపాను."

కోడలు మిషను ఆపింది. "ఎంత అత్తయ్యా?" అంది.

"కొలవలేదు," అంది అత్తగారు.

"అంత దూరం వెళ్ళి కొలవలేదా? మరి నేనిక్కడ ఏం రాయను?" అన్నాడు కొడుకు.

"టైరు పంక్చరని రాయి," అంది ఆవిడ, కళ్ళద్దాలు సర్దుకుంటూ.

కోడలు తల వంచుకుని కవరు మళ్ళీ సూది కింద పెట్టింది. కుట్టు కనబడటానికి రెండుసార్లు కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది.